మగ్గం పేరు మార్చి చెప్పిన రోజు

ప్రశ్న: మేము న్యూజెర్సీలో, ప్రిన్స్‌టన్‌కు దగ్గరలో ఉంటున్నాము. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నేను ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఇక్కడి ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతి చదువుతోంది. ఏడాదిగా దానికి ప్రిపీ దుస్తుల ధ్యాస తప్ప మరొకటి లేదు. పోలో గుర్రం బొమ్మ ఉన్న స్వెటరు, మడతల టెన్నిస్ స్కర్టు, లోఫర్ బూట్లు, చెవులకు చిన్న ముత్యాలు కావాలంటుంది. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఆరుగురు అమ్మాయిల గుంపు ఒకటి ఉంది. వాళ్ళ ఇళ్ళలో తాతల కాలం నుంచి పెద్ద బోర్డింగ్ స్కూళ్ళ చదువులు, వేసవికి నాంటకెట్ ద్వీపంలో సొంత ఇళ్ళు. ఒక వారం మా అమ్మాయిని పక్కన కూర్చోనిస్తారు, మరో వారం గ్రూప్ చాట్‌లోంచి తీసేస్తారు. చవగ్గా దొరికే కాస్ట్‌కో దుకాణంలో కొన్న స్వెటరు చలికి ఆగదా అని మావారు కసురుకుంటారు. ఆయనకు చెప్పకుండా ఈ ఏడాది నా కార్డు మీద తొమ్మిది వందల డాలర్ల దాకా బట్టలు కొన్నాను. (మా అత్తగారు చీరాల దగ్గరి పల్లె నుంచి ఆరు నెలలకని వచ్చారు. మొన్నొక శనివారం ఆ గుంపులోని అమ్మాయి మా ఇంటికి వస్తే, ఆ పిల్ల గళ్ళ స్కర్టు అంచు పట్టుకుని “ఇవి మన రుమాలు గళ్ళే, మేము నేసినవే” అని మొదలుపెట్టారు. మా అమ్మాయి ముఖం పాలిపోయింది. ఆవిడ ఏమంటున్నారని ఆ పిల్ల అడిగితే, వాళ్ళది టెక్స్‌టైల్ బిజినెస్ అని సర్దిచెప్పి, పొయ్యి మీద పాలు చూడమని అత్తగారిని లోపలికి పంపాను. అప్పటినుంచి మేము స్కూలుకు వెళ్ళినప్పుడు ఆవిడ కారులోనే కూర్చుంటున్నారు. నాకు నేతపని అంటే చిన్నచూపు లేదు. మా తాతగారూ మగ్గం నేసినవారే, మా నాన్నగారి తరానికి బ్యాంకు ఉద్యోగం వచ్చింది.) ఈ బట్టలు ఇలా కొంటూ పోవడం మంచిదేనా? లేక యూనిఫాం ఉండే ప్రైవేటు స్కూలుకు మార్చమంటారా? మా చిన్నప్పుడు యూనిఫాం ఉండబట్టి ఈ బాధలు లేవు.

— ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండింటికీ ముందు జవాబు చెప్పేసి, అడగని సంగతికి వస్తాను.

బట్టలు కొనండి. మీరూ మీవారూ కూర్చుని ఏడాదికి ఇంత అని ఒక మొత్తం అనుకుని, ఆ డబ్బు అమ్మాయి చేతికే ఇచ్చి, గుర్రం బొమ్మ స్వెటరు ఒకటి కొనుక్కుంటుందో మామూలు స్వెటర్లు నాలుగు కొనుక్కుంటుందో తననే తేల్చుకోనివ్వండి. పదిహేనేళ్ళ పిల్లకు ఆ లెక్క రాకపోదు. ప్రైవేటు స్కూలు ఆలోచన మాత్రం మానుకోండి. ప్రిపీ అన్న మాటే ప్రిపరేటరీ స్కూలు అన్న మాటలోంచి పుట్టింది. 1778లో మొదలైన ఆండోవరు, 1781 నాటి ఎక్సెటరు, మీకు కూతవేటు దూరంలో 1810 నుంచి నడుస్తున్న లారెన్స్‌విల్ వంటి బడుల పిల్లలు వేసుకున్న నీలం కోటు, ఖాకీ ప్యాంటు, లోఫర్లే తరువాత ఊరి మీదికి వచ్చి ఫ్యాషన్ అయ్యాయి. ఆ దుస్తుల బాధ పడలేక అవి పుట్టిన బడులకే పంపిస్తానంటే, పెనం మీది నుంచి పొయ్యిలో పడడానికి ఎదురు డబ్బు కట్టినట్టే.

యూనిఫాం గురించి మీరన్న మాట కూడా నిజం కాదు. నేను చదువుకున్న బడిలో అందరిదీ నీలం స్కర్టు, తెల్ల చొక్కాయే. అయినా ఎవరి స్కర్టు మడతలు ఇస్త్రీ బండి మీదివో, ఎవరివి రాత్రి పరుపు కింద పెట్టి తీసినవో పదడుగుల దూరం నుంచే చెప్పగలిగేవాళ్ళం. పరుపు కింద పెట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకర్తెను. మీకు ఆ బాధలు గుర్తు లేవంటే, బహుశా మీ ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఉండి ఉంటుంది.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో స్వెటర్ల గురించీ స్కర్టుల గురించీ విడిగా, వివరంగా రాశారు; మీ అత్తగారిని మాత్రం కుండలీకరణాల్లో పెట్టారు. ఆమెను వంటింట్లోకి పంపినట్టే, ఉత్తరంలోనూ పక్కగదిలోకి పంపారని చదువుతుంటే అనిపించింది. మీ ఇంట్లో చెడినది మీ అమ్మాయికీ ఆ ఆరుగురు పిల్లలకూ మధ్యనున్న స్నేహం కాదు. అది ఈ వయసులో చెడుతుంది, బాగుపడుతుంది, మళ్ళీ చెడుతుంది. చెడినది మీకూ మీ అత్తగారికీ మధ్యనున్నది, అందులోనూ మీరు చెడగొట్టినది.

“టెక్స్‌టైల్ బిజినెస్” అన్న ఆ రెండు మాటలు మీ అమ్మాయి చెవిన పడ్డాయి. నానమ్మ నోటి నుంచి వచ్చిన నిజాన్ని అమ్మ అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చి, మారుస్తూనే దాని స్థాయి పెంచి చెప్పడం ఆ పిల్ల కళ్ళారా చూసింది. మనుషులను బట్టల చీటీ చూసి అంచనా కట్టడం తను భోజనాల బల్ల దగ్గర నేర్చుకుని ఉండవచ్చు, కానీ మన మనుషులను దాచిపెట్టాలన్న పాఠం ఇంట్లోనే నేర్చుకుంది. అలా నేర్చుకోవడం ఆ శనివారంతోనే మొదలైందని కూడా నేను అనుకోను. తాతగారిది మగ్గం, నాన్నగారిది బ్యాంకు అని మీరు గీసిన గీత చూడండి. నాకు చిన్నచూపు లేదు అని చెప్పిన వాక్యంలోనే, మేము దాన్ని ఒక తరం ముందే దాటేశాము అని కూడా చెప్పుకున్నారు. మీవారి ఇంట్లో అది ఒక తరం ఆలస్యంగా ఆగింది, అంతే కదా తేడా? పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఒక్క తరాన్ని మీరు మీ పుట్టింటి పెద్దరికంగా లెక్కేసుకుంటూ వచ్చారేమో, నిదానంగా ఆలోచించండి.

మీరు ఇంత ఆరాటపడుతున్న ఆ దుస్తుల పుట్టుక గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే మీ అత్తగారు అన్నది అమాయకపు మాట కాదు. గుర్రం బొమ్మ వేసి అమ్ముతున్న రాల్ఫ్ లారెన్ తాతల నాటి ధనికుడేమీ కాదు. 1939లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో, తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదుల ఇంట్లో పుట్టాడు. తండ్రి ఇళ్ళకు రంగులు వేసేవాడు. అసలు ఇంటిపేరు లిఫ్‌షిట్జ్. 1967లో మెడకు కట్టుకునే టైలు అమ్మడంతో మొదలుపెట్టి, ఏ బోర్డింగ్ స్కూలు మెట్లూ ఎక్కకుండానే, ఆ స్కూళ్ళ పిల్లల వేషాన్ని దేశమంతటికీ అమ్మాడు. అంటే మీరు తొమ్మిది వందల డాలర్లు పోసి కొన్న పాత పెద్దరికం కూడా ఒక వలస కుటుంబం పిల్లవాడు కుట్టించి పెట్టినదే.

ఆ స్కర్టు గళ్ళ సంగతి మరీ చిత్రం. ఆ గళ్ళకు అమెరికాలో ఇప్పటికీ పేరు మద్రాసే. చీరాల మగ్గాల మీద దిగిన రుమాళ్ళు రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అన్న పేరుతో ఓడలెక్కి పశ్చిమ ఆఫ్రికా దాకా వెళ్ళేవి. ఊరి పేరు చీరాల అయినా రేవు పేరు అతుక్కుపోయింది. అదే జాతి గళ్ళ గుడ్డను 1950ల చివరలో న్యూయార్క్‌లోని బ్రూక్స్ బ్రదర్స్ దుకాణంవారు కోట్లుగా, చొక్కాలుగా కుట్టించి అమ్మితే, ఉతికిన మొదటిసారికే రంగు దిగి ఒక గడిలోకి మరొకటి పాకిపోయింది. కొన్నవాళ్ళు గొడవ చేశారు. ఆ తరువాత జరిగినది గమనించండి. రంగు దిగడమే ఈ గుడ్డ గొప్పతనమని, ప్రతి ఉతుకుకూ కొత్త అందం వస్తుందని ప్రకటనలు వేసి, దిగే రంగునే గర్వంగా అమ్ముకున్నారు. తరతరాల డబ్బున్న ఇళ్ళలో ఇప్పటికీ అదే పద్ధతి. తండ్రి వేసి వదిలేసిన స్వెటరు, కాలరు అరిగిన చొక్కా, మడమ అరిగిన లోఫరు వాళ్ళకు సిగ్గు కాదు. నిన్న కొన్నట్టు నిగనిగలాడుతూ తల నుంచి పాదం దాకా ఒకే దుకాణం సరుకు వేసుకొచ్చిన పిల్లను చూస్తే, ఈమె బయటి మనిషి అని వాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. మీరు ఎంత కొంటే మీ అమ్మాయి అంత బయటిది అవుతుంది.

ఆ బల్ల దగ్గరి పిల్లలతో తిరిగితే రేపు ఐవీ లీగ్ కాలేజీకి దారి పడుతుందన్న ఆశ మీలో ఏమూలో ఉంటే, ఆ దారిలోనూ మీ అత్తగారి ఊళ్ళ వాసన తగులుతుంది. మద్రాసు కోటలో గవర్నరుగా చేసి గడించిన ఎలైహు యేల్ 1718లో కనెక్టికట్‌లోని ఒక చిన్న కళాశాలకు బేళ్ళకు కట్టిన సరుకు పంపాడు. ఆ సరుకులో బట్టలూ ఉన్నాయి. దాన్ని అమ్మితే వచ్చిన 560 పౌండ్ల పైచిలుకు చూసి ఆ కళాశాల ఆయన పేరు పెట్టుకుంది; ఐవీ లీగ్‌లోని నేటి యేల్ విశ్వవిద్యాలయం అదే.

ఇప్పుడు మళ్ళీ ఆ శనివారానికి వద్దాం. ఒక నేతింటి ఆడమనిషి పెళ్ళయి వచ్చిన నాటి నుంచి కండెలు చుట్టి, పడుగుకు గంజి పెట్టిన తెల్లవారుజాముల్లో వీధిలో నిలబడి, ఆ మజూరీ డబ్బులో ఎంత మిగిలిస్తే కొడుకు ఇంజనీరింగు దాకా వచ్చాడో లెక్క వేయడానికి నాకు మీ ఇంటి పద్దులు అక్కరలేదు. ఇంగ్లీషు రాని దేశంలో, నెలల తరబడి నాలుగు గోడల మధ్య ఉన్న ఆ మనిషికి, తాను తడుముకోకుండా మాట్లాడగల వస్తువు ఒక్కటి కంటబడింది. అంచు పట్టుకుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి ఉంటారు; నేసినవాళ్ళు గుడ్డను కంటితో చూడరు, వేళ్ళతోనే చూస్తారు. ఆ ఇంట్లో ఆ రోజు ఆ గుడ్డ గురించి తెలిసినది ఆమె ఒక్కరికే. మీరు ఆమెను పాలు చూడమన్నారు. పొయ్యి మీద నిజంగా పాలు ఉన్నాయా? ఉన్నా లేకున్నా ఆమెకు అర్థమైంది. కారులో కూర్చోమని మీరు చెప్పినట్టు ఎక్కడా రాయలేదు. ఆమె అంతట ఆమే కూర్చుంటున్నారు. అభిమానం గల మనిషి చెప్పించుకునే దాకా ఆగదు.

ఇదంతా మీవారికి తెలియదని నా నమ్మకం. కాస్ట్‌కో స్వెటరు చలికి ఆగదా అన్న మాటలో పిసినారితనమే మీకు వినపడింది. ఆయన ఏ ఇంటి నుంచి వచ్చారో తెలిసిన నాకు మరొకటి వినపడుతోంది. అయితే ఆయనను పూర్తిగా వెనకేసుకు రావడం లేదు. గుంపులోంచి తీసేయబడిన పిల్ల ఏడుపుకు చలి గురించిన జవాబు చెప్పడం తప్పే. పదిహేనేళ్ళ వయసులో భోజనాల గంట చాలా పెద్దది. పళ్ళెం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడిన ఆ అరనిమిషాన్ని మీ అమ్మాయి ఎన్నేళ్ళకూ మరిచిపోదు, దాన్ని తేలికచేసి మాట్లాడకండి. ఆరుగురి గుంపు మనసు గెలుచుకునే పని మాన్పించి, వయొలిన్ తరగతిలోనో సైన్స్ క్లబ్బులోనో తనకు నచ్చిన ఒక్క పిల్లను ఇంటికి భోజనానికి పిలవమనండి. బల్ల దగ్గర కూర్చోవడానికి ఒక్కరు తోడున్నా చాలు. వేసవిలో ఏ ఐస్‌క్రీమ్ కొట్టులోనో పనికి వెళ్తానంటే పరువు పోతుందని అడ్డుపడకండి.

మీ అత్తగారిని క్షమించమని అడగమని నేను చెప్పను. మన ఇళ్ళలో కోడలు నోటితో ఆ మాట అంటే ఆమె ఇంకా ఇబ్బంది పడతారు, కళ్ళ నీళ్ళు పెట్టుకుని మిమ్మల్నే ఓదారుస్తారు. దానికి బదులు, అందరూ ఇంట్లో ఉన్న ఒక సాయంత్రం, ఆ స్కర్టు గళ్ళ గురించి ఆ రోజు ఏదో చెప్పబోయారు, ఏమిటత్తయ్యా అది అని అడగండి. రుమాలుకు ఎన్ని గజాలు దింపేవారు, రంగు ఎక్కడ అద్దించేవారు, మీ మామగారు మగ్గం గుంటలో కూర్చుంటే నాడె చప్పుడు ఎంత దూరం వినపడేది, అన్నీ చెప్పనివ్వండి. మాట మధ్యలో లేచి వెళ్ళకండి, ఇంగ్లీషులో సర్దకండి. అమ్మాయి మొహం చిట్లించినా కాసేపు ఊరుకోండి. మీ తాతగారి మగ్గం గురించి మీకు తెలిసినది కూడా ఆ సాయంత్రమే చెప్పండి. మీ అమ్మాయి ఇప్పటిదాకా ఆ మాట మీ నోట విన్నదో లేదో నాకు అనుమానమే.

వేసవి సెలవులకు ముందు స్కూల్లో ఏదో ఒక కచేరీ ఉండకపోదు. ఆ రోజు మీ అత్తగారికి ఏ చీర కట్టుకోవాలో మీరు చెప్పవద్దు. ఆమెకు నచ్చినది కట్టుకుని, మీ ఇద్దరి మధ్య కుర్చీలో, లోపల కూర్చుంటారు. అమ్మాయి నసిగితే, నానమ్మ రాకపోతే నేనూ రాను అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి.

ఇదంతా చేయడానికి ముందు మీవారితో మాట్లాడవలసిన పని ఒకటి మిగిలింది. ఆయనకు ముందుగా శనివారం జరిగినది చెప్పండి. కార్డు బిల్లు ఆ తరువాత చూపించండి.