చర్చలా, సంప్రదింపులా, బేరసారాలా?

సందేహం: "అంతర్జాతీయ వాతావరణ చర్చల్లో మంత్రిత్వ శాఖల పాత్ర" అని ఒక వ్యాసానికి పేరు పెట్టాను. 'చర్చలు' తప్పు, 'సంప్రదింపులు' అనాలనీ, 'మంత్రిత్వ శాఖ' ఎందుకు, 'శాఖ' చాలనీ ఒక మిత్రుడు దిద్దాడు. ఏది సరి?

సమాధానం: రెండోది ముందు తేల్చేద్దాం. మంత్రిత్వం అంటేనే మంత్రి పదవి, దానికి మళ్లీ శాఖ ఏమిటని మీ మిత్రుడి అభ్యంతరం కావచ్చు. కానీ రాష్ట్రంలో ఉన్నది అటవీ శాఖ, కేంద్రంలో ఉన్నది పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ. మాట వినగానే తేడా తెలుస్తోంది. పనికొస్తున్న తేడాను చెరపడం దేనికి?

అసలు 'మంత్రి' దగ్గర కాసేపు ఆగాలి. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో 'మత్రి' ధాతువుకు చెప్పిన అర్థం గుప్తభాషణం, అంటే గుట్టుగా మాట్లాడుకోవడం. మంత్రాంగం, మంతనం అన్నీ ఆ ఇంటివే. మైకు ముందు మాట్లాడే మంత్రి మన కాలపు వింత! వాతావరణ సదస్సుల్లో మాత్రం పాత అర్థం ఇంకా బతికే ఉంది. మొదటి వారం అధికారులు ముసాయిదా మీద కూర్చుంటారు. తేలని మాటలకు చదరపు కుండలీకరణాలు తగిలిస్తారు. రెండో వారం మంత్రులు దిగాక అవి ఒక్కొక్కటీ ఊడతాయి, చాలామటుకు తలుపులు మూసుకున్న గదుల్లోనే. 2021లో గ్లాస్గో సదస్సులో చివరి ఘడియలో బొగ్గు గురించిన వాక్యంలో 'ఫేజ్ ఔట్' (క్రమంగా నిలిపేయడం) పోయి 'ఫేజ్ డౌన్' (క్రమంగా తగ్గించడం) వచ్చింది. ఆ మార్పును సభలో చదివినవారు మన పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్. అంతకుముందు సభలోనే కొందరు గుంపులుగా చేరి మాట్లాడుకున్నారు. అదీ గుప్తభాషణం. రెండింటికీ 'దశలవారీగా' అని తగిలించి వదిలేస్తే, నిలిపేస్తారో తగ్గిస్తారో తెలుగు పాఠకుడికి ఎలా తెలుస్తుంది? గొడవంతా ఆ ఒక్క మాట మీదే కదా!

మంత్రి మాట వస్తే నాకు తిక్కన గుర్తుకురాక తప్పదు. ఆయన నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి. గద్దె పోయిన తన రాజు కోసం ఓరుగల్లు వెళ్లి కాకతీయ రాజు గణపతిదేవుణ్ణి సాయానికి ఒప్పించి వచ్చాడని చెబుతారు. స్వయంగా రాయబారం నడిపినవాడు కాబట్టే ఉద్యోగపర్వంలో రాయబారాలు అంత పదునుగా వచ్చాయని నా నమ్మకం. కౌరవ సభలో కృష్ణుడు 'సారపు ధర్మమున్ విమల సత్యముఁ' అని ఎత్తుకుంటాడు. పాపమూ బొంకూ కమ్మేసి అవి గట్టెక్కలేక చెడిపోతుంటే, 'దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని' అంటాడు. 'పెద్దలు' అనలేదు, 'దోషులు' అనలేదు. దక్షులు, చేయగలవాళ్లు. 1992 నాటి వాతావరణ ఒప్పందంలోని ముఖ్య సూత్రాన్ని మన పత్రికలు 'ఉమ్మడి, కానీ విభిన్న బాధ్యతలు' అని రాసి ఊరుకుంటాయి. దాని తోక 'ఎవరి సామర్థ్యాన్ని బట్టి వారు' అన్నది తెగిపోతోంది. అనువాదకుడికి తిక్కన పరిచయం ఉంటే 'దక్షత' అన్న మాట ఎదురుగా కనబడేది.

ఇక మీ మిత్రుడి సంప్రదింపులు. 'డాక్టర్ని సంప్రదించండి' అంటాం. అడిగేది మనం, చెప్పేది ఆయన. ఇచ్చిపుచ్చుకోవడం అందులో లేదు. అయితే సదస్సు అధ్యక్షులు ఇద్దరేసి మంత్రులను జతచేసి, అన్ని దేశాల మనసూ కనుక్కురమ్మని పంపుతుంటారు. ఆ పనికి సంప్రదింపులు అనడం సబబే. 'చర్చ'కు గంధం పూయడమనే అర్థమూ ఉంది. కొన్ని సదస్సుల ప్రకటనలు చదివితే ఆ అర్థమే నయమనిపిస్తుంది.

బేరసారాలంటే సంత మాటని కొందరికి చిన్నచూపు. డబ్బు ఎవరివ్వాలి, ఎంతివ్వాలి అన్న దగ్గర జరిగేది బేరమే. ఆ బేరానికి వెళ్లేది పర్యావరణ శాఖే అయినా, పైకం మాటకొస్తే ఆర్థిక శాఖ, బొగ్గు మాటకొస్తే విద్యుత్ శాఖ ఇంటి దగ్గర నుంచి తాడు పట్టుకునే ఉంటాయి. ప్రతినిధి బృందం చూపించే అధికార పత్రం దేశాధినేతో, ప్రభుత్వాధినేతో, విదేశాంగ మంత్రో ఇచ్చినదై ఉండాలి. కాబట్టి నన్నడిగితే ఇంట్లో శాఖల మధ్య నడిచేది మంత్రాంగం, పత్రం పట్టుకుని వెళ్లడం రాయబారం, అక్కడ జరిగేది బేరసారం. మూడింటినీ కలిపి ఒక్క మాటలో చెప్పాలంటే 'చర్చలు' కాక మరేముంది? మీ శీర్షిక అలాగే ఉంచండి, ప్రస్తుతానికి.

నిజానికి నా పేచీ 'వాతావరణ' మీద. మా పాఠ్యపుస్తకాల్లో క్లైమేట్ అంటే శీతోష్ణస్థితి. ఈ పూట వాన పడుతుందా అన్నది వాతావరణం. కానీ మంత్రిత్వ శాఖ పేరులోనే అది చేరిపోయింది కాబట్టి ఇప్పుడు మీతో ఆ తగువు పెట్టుకోను.