విడాకులు కాలేదు, విడిగా ఉంటోంది. భర్త ఆస్తిలో వాటా వస్తుందా?

మీ అక్క చాలా ఏళ్లుగా పుట్టింట్లోనే ఉంటోంది, కోర్టు విడాకులు కాలేదు, బావగారు వీలునామా రాయకుండా పోయారు, మరుదులేమో "కాపురం చెయ్యనిదానికి వాటా ఏంటి" అంటున్నారు. మీరడిగింది ఇదే కదా. వాటా ఉంది. కోర్టు డిక్రీతోనో, రుజువైన కులాచారం ప్రకారమో పెళ్లి రద్దయితే తప్ప, ఎన్నేళ్లు విడిగా ఉన్నా ఆవిడ భార్యే, ఇప్పుడు వారసురాలే.

మా పిన్నిది మందస వైపు. బాబాయి చెన్నైలో తాపీ మేస్త్రీ. అక్కడే ఇంకొకామెకి గుళ్లో తాళి కట్టాడు, ఒక కొడుకు పుట్టాడు. పిన్ని కూతుర్ని తీసుకుని అమ్మమ్మగారింటికి వచ్చేసింది. ఆయన పోయాక పెద్దకర్మ నాడే ఆయన తమ్ముళ్లు ఒక స్టాంపు కాగితం బయటపెట్టారు. ఊరి పెద్దలు తగువు తీర్చి రాయించిన "విడాకులు" అట. మా వాళ్లలో సగం మంది అది చూసి చల్లబడిపోయారు.

వకీలు ఆ కాగితాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ కులంలో అలా విడిపోయే ఆచారం ఎప్పటినుంచో ఉందని రుజువు చేస్తేనే అది చెల్లుతుంది, ఆ రుజువు భారం కాగితం చూపించేవాళ్లదే అన్నాడు. వాళ్లు చెయ్యలేకపోయారు.

హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి మొదటి తరగతి వారసులు. తలా ఒక సమాన వాటా. వీళ్లలో ఒక్కరున్నా అన్నదమ్ములకి సెంటు కూడా రాదు. మా బాబాయి తన సంపాదనతో కొన్న జీడితోట నాలుగు వాటాలైంది: పిన్ని, కూతురు, ముసలి తల్లి, చెన్నై కుర్రాడు. మొదటి పెళ్లి ఉండగా చేసుకున్న పెళ్లి చెల్లదు కాబట్టి ఆ రెండో ఆమెకి వాటా లేదు, కానీ బిడ్డకి తండ్రి ఆస్తిలో హక్కు ఉంది. ఇది మా వాళ్లకి మింగుడు పడలేదు. నాకైతే న్యాయంగానే అనిపించింది, ఆ కుర్రాడేం చేశాడు? మీ బావగారిది పిత్రార్జితమైతే ముందు అందులో ఆయన భాగం తేల్చాలి, ఆ భాగాన్నే ఇలా పంచుతారు.

అసలు గొడవ చట్టం దగ్గర కాదు, పోయినాయన కుటుంబ సభ్యులెవరో చెప్పే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దగ్గర. పిన్ని మరుదులు వాళ్ల ముసలి తల్లి పేరు ఒక్కటే రాయించి దరఖాస్తు పెట్టారు. వీఆర్వో విచారణకి వచ్చాడని తెలిసి, పిన్ని తహసీల్దారుకి రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకుంది. దాంతో అది ఆగింది. మీరూ ఈ వారమే ఆ పని చెయ్యండి. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, పాత రేషన్ కార్డు, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఏది దొరికితే అది జతచెయ్యండి. అడంగల్, 1బీ లాంటి రెవెన్యూ రికార్డుల్లో మరుదుల పేరు ఎక్కిపోయినా భయపడకండి, అది హక్కు పత్రం కాదు.

బ్యాంకు డబ్బుకి మరిది నామినీ అంటున్నారు కదా. నామినీ డబ్బు అందుకుంటాడు, సొంతదారు కాడు. 1983లోనే ఒక బీమా పాలసీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. తర్వాత 2015లో బీమా చట్టం మారి, నామినీగా ఉన్న భార్యాభర్తలకీ తల్లిదండ్రులకీ పిల్లలకీ సొంత హక్కు ఇచ్చారు, అందులో తమ్ముడు లేడు. డిపాజిట్ కోసం కోర్టులో సక్సెషన్ సర్టిఫికెట్‌కి వేసుకోండి, ఆలోగా బ్యాంకుకి ఒక లెటర్ ఇచ్చి ఉంచండి.

ఖర్చు గురించి: ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. పిన్ని అలాగే భాగపంపిణీ దావా వేసింది, చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం.

ఇంకొకటి. ఇదే లెక్క అటువైపూ నడుస్తుంది. విడిగా ఉన్న భార్య ముందుగా పోతే, ఆమె సొంతంగా సంపాదించుకున్న ఆస్తిలో పిల్లలతో పాటు ఆ భర్తకీ వాటా పోతుంది. మీ ఇంట్లో ఇంకెవరైనా అలా ఉంటే వీలునామా రాయించండి. మీ అక్కతో మాత్రం "పెద్దల మాట" మీద హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించడానికి చూస్తారు, వకీలు చదవందే పెట్టనివ్వకండి.