కానుక ఎవరిదో, ముస్తాబూ వారిదే

ప్రశ్న: పండుగ సెలవులకు మా బంధువులందరం ఒకచోట కలుస్తాం. ఏటా అందరికీ కానుకలు తీసుకువెళ్తాను. అందుకున్నప్పుడు బాగుందంటారే తప్ప, తర్వాత ఎవరూ వాటిని వాడుతున్నట్లు కనిపించదు. ఇంకొంచెం ఖరీదైనవి కొంటే ప్రయోజనం ఉంటుందా? — ఒక పాఠకురాలు

జవాబు: ఖరీదు పెంచినంత మాత్రాన ప్రయోజనం ఉండదు. ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ కానుకలపై జరిపి 2009లో ప్రచురించిన పరిశోధనలో, వస్తువు ధర ఎక్కువైన కొద్దీ అవతలివారి మెప్పు కూడా ఎక్కువవుతుందని ఇచ్చేవారు అనుకున్నారు గాని, పుచ్చుకున్నవారి మెప్పుకు ధరతో అటువంటి సంబంధం కనిపించలేదు. మీరు ఖర్చు చేయవలసింది డబ్బు కాదు, గమనింపు.

ఏం కావాలో నేరుగా అడగడం నామోషీ కాదు. అయితే అడిగితే చెప్పేవారు కొందరే ఉంటారు. మాటిమాటికీ కళ్లజోడు వెతుక్కునే పెదనాన్నగారు, చదువుతూ చదువుతూ పుస్తకాన్ని దీపం దగ్గరికి జరుపుకునే పిన్నిగారు, తెగిన పట్టీకి ముడివేసి అదే సంచిని మోస్తున్న అన్నయ్య, వీరెవరూ నోరు తెరిచి ఏదీ కోరరు. వారి అవసరం మాత్రం చూసేవారికి తెలుస్తూనే ఉంటుంది. అలా కంటబడినదాన్ని ఆ రోజే ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి, ఎందుకంటే పండుగ ముందు రోజు దుకాణంలో నిలబడి గుర్తుచేసుకుందామంటే ఒక్కటీ గుర్తుకు రాదు. ఇక్కడ ఇంకొక అడుగు ముందుకు వెళ్లాలి. అన్నయ్య ఆ సంచిని మమకారం కొద్దీ వదలలేకపోతున్నారని తోస్తే కొత్తది కొనకండి, పాతదానికే పట్టీ మార్పించి ఇవ్వండి. నా దృష్టిలో అంతకు మించిన కానుక లేదు.

పాత కుటుంబ ఫొటోలు ఇవ్వదలిస్తే, అందులో ఉన్నవారెవరో, ఎప్పుడు తీసినదో పెద్దవారిని అడిగి తెలుసుకుని, ఫొటో వెనుక అంచున మెత్తని పెన్సిలుతో, నొక్కకుండా రాయండి. బాల్‌పెన్ను ఒత్తిడికి ముందువైపు గీతలు తేలతాయి. అవతలివారి లోపాన్ని ఎత్తిచూపే వస్తువులను, అంటే వారు కోరకుండానే బరువు తూచే యంత్రం వంటివాటిని, ఎంత మంచి ఉద్దేశంతోనైనా ఇవ్వవద్దు.

ప్రశ్న: కానుక చుట్టడానికి కూర్చుంటే కాగితం చాలకపోవడమో, మిగిలిపోయి మూలల దగ్గర ఉబ్బడమో జరుగుతోంది. తేలిక పద్ధతి ఏదైనా ఉందా? — ఒక పాఠకుడు

జవాబు: చాలామంది కాగితాన్ని కంటితో అంచనా వేసి కత్తిరిస్తారు, చిక్కంతా అక్కడే వస్తుంది. ముందు పెట్టె నడుము చుట్టూ ఒక దారం తిప్పి కొలవండి; ఆ కొలతకు అంచులు ఒకదానిపై ఒకటి పడేందుకు 3 సెంటీమీటర్లు కలిపితే కాగితం ఒకవైపు కొలత వస్తుంది. రెండోవైపు కొలతకు పెట్టె పొడవును తీసుకుని, రెండు చివరలా పెట్టె ఎత్తులో ముప్పాతిక వంతు చొప్పున కలపాలి. ఉదాహరణకు 20 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 5 ఎత్తు ఉన్న పెట్టెకు సుమారు 43 సెంటీమీటర్లకు 28 సెంటీమీటర్ల కాగితం సరిపోతుంది. చివరల్లో అంతకన్నా ఎక్కువ వదిలితే, ఆ అదనపు కాగితమే మడతల్లో ఇరుక్కుని ఉబ్బుగా తేలుతుంది. పెట్టెను బోర్లా పెట్టి చుడితే అతుకు అడుగుకు వెళ్తుంది. పైకి వచ్చే అంచును ఒక సెంటీమీటరు లోపలికి మడిచి, దాని కింద రెండువైపులా అంటుకునే టేపు వేస్తే అతుకు శుభ్రంగా ఉంటుంది.

గుండ్రటివి, వంకరటింకరవి కాగితానికి లొంగవు. వాటికి చతురస్రంగా ఉన్న గుడ్డ మేలు. జపాన్‌లో ఫురోషికి అనే ఈ పద్ధతిలో, గుడ్డ ఒక మూల నుంచి ఎదురు మూలకు ఉన్న కొలత వస్తువు పొడవుకు సుమారు మూడు రెట్లు ఉండాలి. వస్తువును మధ్యలో ఐమూలగా పెట్టి, ఎదురెదురు మూలలు రెండింటిని దానిపైకి మడిచి, మిగిలిన రెండింటిని పైన ముడివేయాలి. ఆ గుడ్డ వారు మళ్లీ వాడుకునే రుమాలో, మెడకు చుట్టుకునే స్కార్ఫో అయితే, విప్పి పారవేయవలసింది ఏమీ మిగలదు.

ప్రశ్న: మెరిసే గిఫ్ట్ పేపర్ రీసైక్లింగ్‌కు పనికివస్తుందా?

జవాబు: కాగితాన్ని గుప్పిట్లో నలిపి వదలండి. ఉండగా ఉండిపోతే సాధారణంగా పనికివస్తుంది. తిరిగి విచ్చుకుంటే అందులో ప్లాస్టిక్ పొర ఉన్నట్లే, పనికిరాదు. పైన మెరుపుపొడి చల్లినది కూడా వద్దు.

ప్రశ్న: మా అమ్మమ్మగారికి కీళ్లవాతం వల్ల వేళ్లు పట్టు తప్పుతున్నాయి. కానుక విప్పడం ఆమెకు కష్టమవుతోంది. అలాగని చుట్టకుండా ఇస్తే చిన్నబుచ్చుకుంటారేమోనని సందేహం. — ఒక మనవరాలు

జవాబు: మీరు అడిగినది ఎంతో విలువైన ప్రశ్న, ఎందుకంటే ముస్తాబు చేసేటప్పుడు అందరం చూడడానికి ఎలా ఉంటుందనే ఆలోచిస్తాం గాని, విప్పే చేతులను తలచుకోము. మూత విడిగా వచ్చే అట్టపెట్టె తీసుకుని, మూతకూ అడుగుభాగానికీ వేరువేరుగా కాగితం అంటించండి. మూత ఎత్తగానే కానుక కనిపిస్తుంది, చింపవలసిన పని ఉండదు. రిబ్బన్ కట్టదలిస్తే వెడల్పాటిది తీసుకుని, ఒక కొస లాగితే ఊడివచ్చే జారుముడి వేసి, ఆ కొసను బాగా పొడవుగా వదలండి. ఆమెకు చూపు కూడా మందగించి ఉంటే, రంగుల కన్నా వేలికి తగిలే తేడా ముఖ్యం: నున్నటి కాగితం మీద గరుకైన పురికొస కట్టితే, ఎక్కడ పట్టుకుని లాగాలో తడిమి తెలుసుకుంటారు. టేపు తప్పనిసరైతే ఒక్కచోటనే వేసి, దాని చివర ఒక అంగుళం మేర లోపలికి మడిచి, పట్టుకోవడానికి వీలుగా వదిలిపెట్టండి.