గుజరాతీ ఛుందోలో పోషకాలు ఉంటాయా?

మామిడికాయతో చేసే తియ్యటి ఊరగాయే కదా, ఛుందో రోజూ తింటే విటమిన్లు అందుతాయా అని అడిగారు. రుచి కోసం తినండి, విటమిన్ల కోసమైతే అక్కర్లేదు.

చేసే పద్ధతి చూస్తేనే సంగతి తెలిసిపోతుంది. పుల్లటి రాజాపురి మామిడికాయను తురిమి, ఉప్పు, పసుపు పట్టించి, దాదాపు అంతే బరువు పంచదార కలుపుతారు. కొందరు ఇంకా ఎక్కువే వేస్తారు. జాడీకి పల్చటి గుడ్డ కట్టి, తీగపాకం వచ్చేదాకా రోజుల తరబడి ఎండలో పెడతారు. ఆపైన కారం, జీలకర్ర పొడి. పచ్చికాయలో ఉండే విటమిన్ సి వేడికీ గాలికీ తట్టుకోలేదు. అందులోనూ తురిమిన కాయకు గాలి మరింతగా తగులుతుంది. చివరికి మిగిలేది కొద్దిగానే.

పెద్ద చెంచాడు, అంటే సుమారు 20 గ్రాములు వడ్డించుకుంటే అందులో 10 గ్రాములకు పైగా చక్కెరే. ఆ చక్కెర నుంచే 40కి పైగా కేలరీలు. పీచు, ప్రొటీన్ నామమాత్రం. నూనె ఉండదు, ఆవకాయతో పోలిస్తే ఉప్పూ తక్కువే. రక్తపోటు ఉన్నవారికి ఆ మేరకు నయం, మధుమేహం ఉన్నవారికి మాత్రం కాదు. 2,000 కేలరీల ఆహారం తీసుకునేవారు కలిపిన చక్కెరను 50 గ్రాముల లోపు, వీలైతే 25 గ్రాముల లోపు ఉంచుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

పంచదారకు బదులు బెల్లం వేసినా లెక్క పెద్దగా మారదు. మన బెల్లం ఆవకాయకూ ఇదే వర్తిస్తుంది. తేప్లాతో, అంటే గుజరాతీ మెంతికూర రొట్టెతో, ఒక చిన్న చెంచాడు చాలు. విటమిన్ సి కావాలంటే జామకాయ తినండి.