పొలం సంగతి తర్వాత, ముందు అబ్బాయిని బ్యాంకుకు తీసుకెళ్లండి

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లె. మూడెకరాల పొలం ఉంది. మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ ఆఖరి సంవత్సరం. స్నేహితులంతా ఎంఎస్‌కు అమెరికా వెళ్తున్నారు, నేనూ వెళ్తానంటున్నాడు. 40 లక్షలు అవుతుందట. పొలం అమ్మాలా, లోను తీసుకోవాలా? అమెరికా మేలా, జర్మనీయా?

జవాబు: అయ్యా, మీరడిగింది పొలం గురించే. కానీ మీ టెన్షన్ వేరని నాకు అర్థమైంది. అందరి పిల్లలూ వెళ్లిపోయి మీవాడొక్కడే మిగిలిపోతాడేమోనన్న దిగులు అది. వారానికి నలుగురైనా ఇదే అడుగుతారు. ఈ ఏడాది వెళ్లకపోతే కొంపేమీ మునగదు. రెండేళ్లు ఇక్కడ ఉద్యోగం చేసి ఆ తర్వాత ఎంఎస్‌కు వెళ్లేవాళ్లు బోలెడుమంది.

లోను లెక్క చూడండి. 11 శాతం వడ్డీకి 40 లక్షలంటే నెలకు వడ్డీయే 36 వేల పైన. చదివే రెండేళ్లు, ఆపైన ఆరు నెలలు ఏమీ కట్టకపోతే 11 లక్షల దాకా అసలులో కలుస్తుంది (విడతలుగా ఇస్తారు కాబట్టి కాస్త తగ్గొచ్చు). ఆ 51 లక్షలు పదేళ్లలో తీరాలంటే నెలకు 70 వేలు. అక్కడ ఉద్యోగం వస్తే కట్టేయొచ్చు. రాక తిరిగొస్తే? సైన్స్, ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఓపీటీ (చదువయ్యాక అమెరికాలో పనిచేయడానికిచ్చే అనుమతి) మీద మూడేళ్లు పనిచేసే వీలుంది. ఆ తర్వాత అక్కడే ఉద్యోగం చేయాలంటే హెచ్‌1బీ వీసా కావాలి. ఏటా కంపెనీలకు కొత్తగా ఇచ్చేది 85 వేలే, అదీ లాటరీ. కన్సల్టెన్సీవాళ్లు ఈ మాట గట్టిగా చెప్పరు. పైగా కమీషన్ తీసుకుని వీసా కోసం ఖాతాలో చూపాల్సిన డబ్బు, అదే 'షో మనీ', మేమే చూపిస్తామంటారు. మీ దగ్గర లేని డబ్బు ఉన్నట్టు చూపించే చోట నాకు మొదటి నుంచీ అనుమానమే.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో అబ్బాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో ఒక్క ముక్క లేదు. పొలం మీద ఏడాదికి ఎంత మిగులుతుందో వాడికి ఎప్పుడైనా చెప్పారా? 'చదువుకునే పిల్లాడు, వాడికెందుకు' అనుకుని ఉంటారు. మా నాన్నా అలాగే అనుకున్నారు. నా ఫీజు కోసం రెండు రూపాయల వడ్డీకి నోటు రాశారు. నా మొదటి జీతంతో బాకీ తీర్చడానికి అప్పిచ్చినాయన ఇంటికి ఇద్దరం వెళ్లాం. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 అని ఆ అరుగు మీదే నాకు తెలిసింది. అప్పటికి వడ్డీ అసలును దాటేసింది. నాలుగేళ్లు లెక్కలు చదివినవాణ్ణి నేను!

జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ముందే ఖాతాలో చూపాలి, ఉద్యోగం కావాలంటే భాష రావాలి. పోలిక ప్రస్తుతానికి ఇంతే చాలు.

సోమవారం అబ్బాయిని మీ ఊరి బ్యాంకుకు తీసుకెళ్లండి. మీరు బెంచీ మీద కూర్చోండి, మేనేజరును అడిగే పని వాడికే వదలండి. వడ్డీ ఎంత, ఎప్పటి నుంచి, తనఖా ఏం కావాలి అని. ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా తనఖా అడుగుతారు, సాగు భూమిని చాలా బ్యాంకులు ఒప్పుకోవు. అదీ వాడే వినాలి. ఇంటికొచ్చి నెల వాయిదా ఎంతో వాడి చేత్తో కాగితం మీద రాయించండి. అప్పటికీ వెళ్తానంటే ఆ కాగితం జత చేసి నాకు రాయండి. పొలం అప్పటిదాకా బేరానికి పెట్టకండి.