మూడు ఆల్బమ్‌లు చాలు

అమ్మలూ, ఆశీస్సులు.

కొత్తగా వచ్చిన జాజ్ ఆల్బమ్‌లలో వినదగినవి పది రాసి పంపమన్నావు. మూడే రాస్తున్నాను. నెల రోజుల పాటు వాటినే విను. ఫోనులో వారం వారం కొత్తవి వచ్చిపడుతుంటే ఒక్కోదాన్ని రెండు నిమిషాలు విని పక్కన పెట్టేస్తున్నానని నువ్వే రాశావు. జాజ్‌లో రెండు నిమిషాలకు కొన్నిసార్లు పల్లవి కూడా పూర్తి కాదు. ఆ పల్లవిని పట్టుకుని వాయించేవాళ్ళు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయేది ఆ తరువాతే వస్తుంది. మన కచేరీల్లో మనోధర్మం అంటామే, అదే.

మొదటిది శాక్సోఫోన్ వాయించే బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ తన నలుగురి బృందంతో 2025లో తెచ్చిన 'బిలాంగింగ్'. దీన్ని విడిగా వినవద్దు. 1974లో పియానో విద్వాంసుడు కీత్ జారెట్ ఇదే పేరుతో ఒక ఆల్బమ్ చేశాడు. అందులోని ఆరు రచనలనూ మార్సాలిస్ మళ్ళీ వాయించాడు. చిన్నప్పుడు చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు నిన్ను తీసుకువెళ్ళేవాణ్ణి, గుర్తుందా? ఒకసారి ఒక కృతి విని, "ఇది పోయిన నెల విన్నదే కదా, వేరేగా ఉందేమిటి మామయ్యా?" అని అడిగావు. అప్పుడు విన్న చెవులతోనే ఇప్పుడూ విను. ముందు 'ద వైండప్' ఒక్కటి తీసుకో. పాతదాన్ని మూడు రోజులు విని, ఆ బాణీ నీ నోట కూనిరాగంగా వచ్చేదాకా ఆగి, నాలుగో రోజు కొత్తది పెట్టు. పాతదాంట్లో యాన్ గార్బారెక్ శాక్సోఫోన్ నాదం సన్నగా, పదునుగా చెవిని తాకుతుంది. మార్సాలిస్ నాదం నిండుగా ఉంటుంది. తరువాత శాక్సోఫోన్‌ను వదిలి డ్రమ్స్ మీద మనసు పెట్టు. జస్టిన్ ఫాల్క్‌నర్ 2009 నుంచి ఈ బృందంలో ఉన్నాడు. పియానో ఎటు మళ్ళబోతోందో ముందే తెలిసినవాడిలా వాయిస్తాడు. ఇన్నేళ్ళ సహవాసం లేకపోతే అలా కుదరదు. నాకు ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ పొందికే.

జారెట్ రచనలు నచ్చితే అతని దగ్గరికే వెళ్ళు. 'న్యూ వియెన్నా' కూడా 2025లోనే వచ్చింది. 2016 జూలైలో వియెన్నాలోని మ్యూజిక్‌ఫెరైన్‌లో ఒంటరిగా పియానో ముందు కూర్చుని వాయించిన కచేరీ అది. 2018లో రెండుసార్లు పక్షవాతం వచ్చి అతని ఎడమచేయి దెబ్బతింది. అందుకే ఆ చేతి పనిని ప్రత్యేకంగా విను తల్లీ. నాకైతే ప్రతిసారీ గొంతు పూడుకుపోతుంది.

మూడోదానికి నీకు తెలిసిన మనిషే దారి చూపిస్తాడు. జాకిర్ హుస్సేన్ పోయిన రోజు, 2024 డిసెంబరులో, నాకు ఫోను చేసి ఏడ్చావు. ఆయన 'శక్తి' బృందంతో వాయించినవి నీకు కంఠతా వచ్చు. కానీ చార్ల్స్ లాయిడ్ శాక్సోఫోన్ పక్కన ఆయన తబలా వాయించిన 'సంగం' విన్నావో లేదో. అది 2006లో వచ్చింది. ముందు అది విను. ఆపైన లాయిడ్ 2024లో తన 86వ పుట్టినరోజున విడుదల చేసిన 'ద స్కై విల్ స్టిల్ బీ దేర్ టుమారో' పెట్టు. పియానో జేసన్ మొరాన్, బాస్ అనే మంద్రస్వరాల పెద్ద తీగవాద్యం లారీ గ్రెనడియర్, డ్రమ్స్ బ్రయాన్ బ్లేడ్. రెండు డిస్కుల ఆల్బమ్, ఒకసారి కూర్చుంటే ఒక డిస్కు చాలు. ఆ వయసులో లాయిడ్‌కు ఎవరినీ మెప్పించాలన్న తొందర లేదు. ఒక స్వరం ఊది, అది పూర్తిగా ఆరిపోయేదాకా ఆగుతాడు.

దీన్ని మాత్రం మెట్రోలో హైటెక్ సిటీకి వెళ్తూ వినకు. రైలు మోతలో బాస్ మునిగిపోతుంది. ఫోను స్పీకరులోనూ వినపడదు. బాస్ మన తంబూరాలా ఒకచోట నిలవదు, కదులుతూ మిగతావాళ్ళకు నేల పరుస్తుంది. అది వినపడకపోతే పైన వాయించేవాళ్ళు ఎందుకు అటు తిరిగారో అర్థం కాదు. రాత్రి పదింటి తరువాత మీ వీధి సద్దుమణిగాక మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని విను.

నచ్చిన ప్రతిదానికీ ఎవరు ఏమి వాయించారో నోటుపుస్తకంలో రాసుకో. తరువాత ఏది వినాలని నన్ను అడగనక్కరలేదు. బ్లేడ్ నచ్చితే బ్లేడ్ ఇంకెవరితో వాయించాడో వెతుక్కో. నేను క్యాసెట్ల అట్టల మీది చిన్న అక్షరాలు చదివే నేర్చుకున్నాను.

మొదటిసారికి ఏదీ పట్టుబడకపోతే దిగులు పడవద్దు. లాయిడ్ నాకు నాలుగోసారికి గానీ అందలేదు.

వచ్చే ఆదివారం భోజనానికి రా. పెద్ద స్పీకర్లు దుమ్ము దులిపి పెట్టాను. ముందు 1974 నాటిది వేస్తాను, మధ్యలో మాట్లాడకూడదు.

నీ మామయ్య
చిక్కడపల్లి, హైదరాబాద్