డ్రాఫ్ట్‌లో పేరు రాకపోతే ఆట అయిపోయినట్టేనా?

ఈసారి బాస్కెట్‌బాల్ మీదే ఎక్కువ ప్రశ్నలొచ్చాయి, అందుకే పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాం.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఆరడుగుల నాలుగంగుళాలు ఉంటాడు. సాయంత్రమైతే నారాయణగూడ వైఎంసీఏ కోర్టులోనే. అమెరికాలో కాలేజీకి ఆడి అక్కడి పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి వెళ్తానంటాడు, వాళ్ళమ్మేమో ముందు ఎప్‌సెట్ సంగతి చూడమంటుంది. నిజంగా దారుందా? – ఒక తండ్రి, హిమాయత్‌నగర్

జవాబు: దారుందండీ, కాకపోతే అది ఎక్కువమందిని మీవాడు అనుకుంటున్న చోటికి తీసుకెళ్ళదు. అమెరికా కాలేజీ ఆటలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏలో డివిజన్ వన్ అంటే కాలేజీ ఆటలో పై స్థాయి, అక్కడే 350కి పైగా టీములున్నాయి, టీంకి పదమూడు పదిహేనుమంది అనుకున్నా ఐదువేలమంది దాకా కుర్రాళ్ళు తేలతారు. ఎన్‌బీఏ టీములు ఏడాదికోసారి కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండు రౌండ్లూ కలిపినా మహా అయితే అరవై పేర్లు, అందులోనూ యూరప్, ఆస్ట్రేలియా నుంచి నేరుగా వచ్చేవాళ్ళుంటారు. మిగిలినవాళ్ళలో కొందరు ఆట ఆపేసి ఉద్యోగాలు చూసుకుంటారు, కొందరు ఎన్‌బీఏకి కిందిస్థాయి లీగ్ అయిన జీ లీగ్‌లో ప్రయత్నిస్తారు, ఇంకా ఆడాలని ఉన్నవాళ్ళు చాలామంది స్పెయిన్, టర్కీ, ఇటలీ, జర్మనీ, ఇజ్రాయెల్, జపాన్, కొరియా ఇలా ఎక్కడ చోటు దొరికితే అక్కడికి విమానం ఎక్కుతారు. బాస్కెట్‌బాల్ ఆడి ఇల్లు నడుపుకునే ఉద్యోగం అసలు ఉన్నది అక్కడే, మీవాడికి ఈ మాట ఇప్పుడే చెప్పండి, నిరుత్సాహపరచడానికి కాదు, ఎటు చూడాలో తెలియడానికి.

వాళ్ళమ్మ చెప్పేదాన్ని కూడా తీసిపారేయకండి. డివిజన్ వన్‌లో ఆడాలంటే తొమ్మిదో తరగతి నుంచి చదివిన 16 కోర్ సబ్జెక్టుల మార్కులు చూస్తారు, కనీసం 2.3 జీపీఏ, అంటే సగటు గ్రేడ్, ఉండాలి. ఎంత ఎత్తున్నా, ఎంత బాగా ఆడినా ఇది తప్పదు. డివిజన్ త్రీలో అయితే ఆట పేరు మీద స్కాలర్‌షిప్పే ఇవ్వరు. ఇంకోటి, కాలేజీ ఆలోచన ఉన్నంతకాలం ఇక్కడ ఏ ప్రో లీగ్‌లోనైనా డబ్బు తీసుకుని ఆడేముందు ఒకటికి రెండుసార్లు కనుక్కోండి, ఆ సంతకం మీద కాలేజీకి ఆడే అర్హత పోయే ప్రమాదం ఉంది.

పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ని 2015లో ఎన్‌బీఏ టీం డల్లాస్ మావరిక్స్ 52వ పేరుగా డ్రాఫ్ట్‌లో తీసుకుంది, మన దేశం నుంచి అలా ఎంపికైన మొదటివాడు అతనే. కాలేజీ ఆడకుండా నేరుగా వెళ్ళాడు. డల్లాస్‌కి అనుబంధంగా ఉన్న టెక్సస్ లెజెండ్స్‌కి ఆడాడు గానీ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. డ్రాఫ్ట్‌లో పేరు రావడం వేరు, కోర్టు మీద నిమిషాలు దొరకడం వేరండీ.

ప్రశ్న: బయటి లీగులకి వెళ్ళారంటే ఎన్‌బీఏలో ఫెయిలైనట్టే కదా అని మా బ్యాచ్‌లో అంటుంటారు. మీరేమంటారు? – ఒక విద్యార్థి, తార్నాక

జవాబు: అస్సలు ఒప్పుకోను. అమెరికా ఆటగాడు పీజే టకర్ సంగతే తీసుకో. టెక్సస్ యూనివర్సిటీకి ఆడాడు, 2006లో టొరంటో 35వ పేరుగా తీసుకుంది, తొలి సీజన్ కూడా పూర్తవకుండానే వదిలేసింది. ఇజ్రాయెల్ వెళ్ళి హపోయెల్ హోలోన్‌కి ఆడి 2008లో టీంని లీగ్ ఛాంపియన్ చేశాడు, తర్వాత ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, జర్మనీ అన్నీ తిరిగాడు. 2012లో ఫీనిక్స్ మళ్ళీ ఎన్‌బీఏకి పిలిచింది, 2021లో మిల్వాకీతో ఎన్‌బీఏ టైటిల్ కొట్టాడు. వయసు మీద పడుతున్నా అన్నేళ్ళు నిలబడ్డాడంటే దానికి కారణం ఆ బయటి లీగుల్లో నేర్చుకున్న డిఫెన్సేనని నా గట్టి నమ్మకం. మన పంజాబీ తల్లిదండ్రులకి కెనడాలో పుట్టిన సిమ్ భుల్లర్ కూడా అంతే, న్యూ మెక్సికో స్టేట్‌లో కాలేజీ ఆడాడు, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, 2015లో శాక్రమెంటో తరఫున దిగి ఎన్‌బీఏలో ఆడిన మొదటి భారత సంతతి ఆటగాడయ్యాడు, ఆ తర్వాత తైవాన్‌లో ఏళ్ళపాటు ఆడాడు. ఏళ్ళపాటు జీతం తీసుకుని ఆడినవాణ్ణి ఫెయిల్ అని ఎలా అంటాం?

ప్రశ్న: అన్నా, నేను యూనివర్సిటీ టీంకి ఆడిన. ఒకాయన వాట్సాప్‌ల మెసేజ్ పెట్టి యూరప్‌ల క్లబ్ ఇప్పిస్త, ట్రయల్‌కి రెండు లక్షలు కట్టుమంటుండు. కట్టొచ్చా? – ఉప్పల్ నుంచి ఓ ప్లేయర్

జవాబు: కట్టకు తమ్ముడూ. ఏజెంట్‌కి డబ్బు నీ కాంట్రాక్టులోంచి రావాలి, నీ జేబులోంచి కాదు. నీకు జీతం వచ్చాకే ఆయనకి కమిషన్, అది పది శాతం దాటకూడదు, చాలాచోట్ల ఆ పది శాతం కూడా క్లబ్బే కడుతుంది. ప్రపంచ బాస్కెట్‌బాల్ సంస్థ ఫిబా లైసెన్స్ ఉన్న ఏజెంట్ల పేర్లు ఫిబా వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, ముందు ఆయన పేరు అందులో ఉందో లేదో చూడు. క్లబ్బుల కంట్లో పడేందుకు పెట్టే ఎక్స్‌పోజర్ క్యాంపులకి ఫీజు తీసుకునేవాళ్ళు ఉంటారు, అది వేరే విషయం, కానీ ఫీజు కట్టినంత మాత్రాన క్లబ్బులో చోటు గ్యారంటీ అని ఎవరన్నా చెప్తే అది అబద్ధం.

నిజంగా ఆఫర్ వస్తే పేపర్ మొత్తం చదువు. కింది డివిజన్లలో నెలకి వెయ్యి, రెండువేల డాలర్లతో మొదలయ్యే కాంట్రాక్టులూ ఉంటాయి, దానికి తోడు ఫ్లాట్, రానుపోను టికెట్ ఇస్తారు, వాటి విలువ కూడా లెక్కలో వేసుకో. జీతం ట్యాక్స్ పోగా చేతికొచ్చేదా, ట్యాక్స్ నువ్వే కట్టుకోవాలా అని అడుగు. మెడికల్ టెస్ట్ పాసయ్యాక సీజన్ మొత్తం గ్యారంటీయా, లేక నెల ట్రయల్ పెట్టి పంపించేయొచ్చా అని అడుగు, ఎందుకంటే టీంకి విదేశీ ప్లేయర్ల చోట్లు కొన్నే ఉంటాయి, ఆ చోట్లో ఉన్నవాడు మొదటి మ్యాచ్ నుంచే పాయింట్లు కొట్టాలి, నాలుగు మ్యాచ్‌లు తేలిపోతే నీ చోట్లోకి ఇంకొకడు దిగిపోతాడు. మోకాలికి దెబ్బ తగిలితే ఆపరేషన్ ఖర్చెవరిదో రాసుండాలి. జీతం ఇన్ని రోజులు లేటైతే నువ్వు ప్రాక్టీస్‌కి రాకపోయినా తప్పు కాదని రాసుండాలి. జీతాలు ఎగ్గొట్టే క్లబ్బులు నిజంగానే ఉన్నాయి, దానికోసమే 2007లో ఫిబా గొడవలు తీర్చే ఒక ఆర్బిట్రేషన్ వ్యవస్థ పెట్టింది, ఇప్పుడు దాన్ని బీఏటీ (బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్) అంటున్నారు. తీర్పొచ్చాక కూడా క్లబ్ డబ్బు కట్టకపోతే కొత్త ప్లేయర్లని తీసుకోకుండా ఫిబా ఆపగలదు. కానీ గొడవలొస్తే బీఏటీకే వెళ్తామని కాంట్రాక్టులో ఒక లైన్ ఉండాలి, లేకపోతే నీ కేసు అక్కడ తీసుకోరు. ఆ లైన్ లేని పేపర్ మీద సంతకం పెట్టకు.

ప్రశ్న: అమ్మాయిలకి కూడా ఇలాంటి దారులున్నాయా? రూల్స్ తేడా ఉంటాయా? – ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఉన్నాయి తల్లీ. బెంగళూరు అమ్మాయి సంజనా రమేశ్ నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీకి, హర్‌సిమ్రన్ కౌర్ శాన్ డియాగో యూనివర్సిటీకి వెళ్ళారు, రెండూ డివిజన్ వన్నే. రూల్స్ సంగతంటావా, మనం ఇక్కడ ఆడేది ఫిబా రూల్స్. అవతలి టీం వేసిన బాల్ రిమ్‌కి తగిలి ఇంకా రింగ్ మీద ఊగుతుంటే, బాస్కెట్ దగ్గర ఆడే మన పోస్ట్ ప్లేయర్లు ఎగిరి ఒక్కటి కొట్టి తోసేస్తారు, ఇక్కడ అది కరెక్టే. అదే పని అమెరికా కాలేజీ మ్యాచ్‌లో చేస్తే రిఫరీ విజిల్ వేసి అవతలి టీంకి బాస్కెట్ ఇచ్చేస్తాడు. ఏళ్ళ తరబడి చేతికి అలవాటైన పని కదా, వెళ్ళేముందే ప్రాక్టీస్‌లో మానిపించుకోవాలి. యూరప్, ఆసియా లీగులు చాలావరకు ఫిబా రూల్స్‌తోనే ఆడతాయి కాబట్టి అక్కడ మాత్రం తిప్పలు పడేది అమెరికా నుంచి వచ్చినవాళ్ళే.

ప్రశ్న: స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వస్తే బయటి లీగుల ఆశ వదులుకోవాల్సిందేనా? – ఒక పాఠకుడు, లాలాగూడ

జవాబు: అక్కర్లేదు. గీతూ అన్నా జోస్ సదరన్ రైల్వే ఉద్యోగి, ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ హాక్స్‌కి ఆడింది, 2011లో అమెరికా మహిళల ప్రో లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ ట్రయల్స్‌కీ వెళ్ళొచ్చింది. ఉద్యోగంలో చేరేముందే సెలవు, ఎన్‌ఓసీ గురించి మీ స్పోర్ట్స్ ఆఫీసర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి, బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ నుంచి లెటర్ ఆఫ్ క్లియరెన్స్, అంటే బయట ఆడేందుకు అనుమతి పత్రం, లేనిదే ఏ దేశంలో క్లబ్బూ మిమ్మల్ని కోర్టులోకి దింపలేదు కాబట్టి ఆ పని కూడా టికెట్ కొనకముందే మొదలుపెట్టండి.